ఆకలి లేని చేపకు

సెప్టెంబరు ఆఖరి శనివారం.
రేపటినుంచి ఫిబ్రవరి దాకా గాలాలకు సెలవు.
హైలాండ్స్ కొండలమీద రాత్రంతా కురిసి కురిసి
గార్వన్ ఏరు డికాషన్ రంగులో దిగుతోంది,
రాళ్లకు తగిలిన ప్రతిచోటా ఏదో తగువు పెట్టుకుంటూ.

ఇష్బెల్ తొడలదాకా రబ్బరు బూట్లు తొడిగి
ముందు ఏటిని చదివింది.
ఏ బండ వెనక నీరు తడబడుతుందో
ఎక్కడ నురుగు ఒక్క క్షణం ఊపిరి తీసుకుంటుందో
చూపు సగం పోయిన కళ్లతో కాదు,
మోకాళ్లతో.
అడుగు వేసినప్పుడల్లా కోటు జేబులో తాళంచెవుల చప్పుడు.
వెనకాల వలబుట్టతో నేను, పదహారేళ్లవాణ్ణి.
నోరు మూసుకోవడం కూడా నా జీతంలో భాగమే.

"ఫార్కర్, విను.
సముద్రం వదిలి ఏట్లో అడుగుపెట్టిన సామన్
ఇంకేమీ తినదు. గుడ్లు పెట్టేదాకా కటిక ఉపవాసం.
మరి ఈకలు చుట్టిన కొక్కేన్ని ఎందుకు అందుకుంటుందంటావు?"
తెలీదన్నాను.
"నాకూ తెలీదు. యాభై ఏళ్లబట్టి."

ట్రౌట్ అలా కాదు, మనలాంటిది.
ఏ పురుగు ఏ వేళకి రెక్కలారబెట్టుకుంటుందో
కంఠతా వచ్చిన తిండిపోతు.
ఆకలున్న దేన్నయినా మోసం చెయ్యొచ్చు.
పొద్దున్నే రెండు పడ్డాయి, జానెడు జానెడువి,
ఒంటినిండా ఎర్రచుక్కలు. వాటిని లెక్కలోకి తీసుకోలేదామె.

పాదిరి గుండం దగ్గర ఆగాం.
పూర్వం ఒక పాదిరి ఆదివారంనాడు దొంగచాటుగా గాలమేసి
ఇక్కడే జారిపడ్డాడట.
ప్రాణం దక్కింది, ఉద్యోగం పోయింది.
దగ్గుబిళ్లల డబ్బా తెరిచింది ఇష్బెల్.
నెమలి పచ్చ, కోడి ఎరుపు, వెండిజరీ
అన్నీ పక్కకు నెట్టి
నలుపూ బూడిదా కలిసిన వెంట్రుకల ఈగనొకదాన్ని తీసింది.
"బ్రోక్ తోక" అంది.

బ్రోక్ పధ్నాలుగేళ్లు ఆమె మడమలకు అంటుకు తిరిగిన కుక్క.
ఎప్పుడొచ్చినా ఒడ్డున చెట్టువేరుకు గొలుసేసి కట్టేది.
ఒక్కసారీ నీళ్లలోకి దిగనివ్వలేదు,
చేపలు బెదురుతాయని.
జనవరిలో, గడ్డకట్టిన నేలను గడ్డపారతో తవ్వింది నేనే.
మట్టి కప్పేముందు ఆమె ఇంట్లోకెళ్లి కత్తెర తెచ్చింది.
ఎందుకని నేనడగలేదు.

తాడు లేచింది. గాల్లో ఒక గుడిదీర్ఘం చుట్టి
చప్పుడు లేకుండా అవతలి నీడలో వాలింది.
అడుగు దిగువకు. మళ్లీ.
అడుగు దిగువకు. మళ్లీ.
వానజల్లు వచ్చిపోయింది. నా వేళ్లు నావి కానట్టున్నాయి.
ఎన్నోసారో లెక్క తప్పాక
ఏరు ఆమె చేతిని పట్టుకుంది.

నీరు పల్లమెరుగు.
చేప మిట్ట ఎరుగు.
రీలు కీచుమంది, బెత్తం విల్లయింది,
గుండం మధ్యలో మనిషి చెయ్యంత వెండి ఒకటి
పైకి లేచి, మమ్మల్ని చూసి (చూసిందనే నా నమ్మకం)
విసురుగా ఎగువకు తిరిగింది.
నేను వలబుట్టతో నడుందాకా దిగాను.
ఆమె "ఉండు" అంది.
ఇంకా నిమిషం తర్వాత ఎవరితోనో, మెల్లిగా, "ఉండు" అంది.

తాడు తెగినప్పుడు పెద్ద శబ్దమేం రాలేదు.

రెండు భాషల్లో బూతులొచ్చు ఇష్బెల్‌కి.
అవన్నీ వస్తాయని చెవులు సిద్ధం చేసుకున్నాను.
తెగిన కొసను వేళ్లతో తడిమి చూసుకుంది,
ఎగువన తెల్లగా దూకే నీటివైపు తలెత్తి
"పోరా" అంది, "ఇప్పుడు దిగు."

ఫ్లాస్కులో టీ నాకూ పోసింది.
ముల్లు అరగదీసిన కొక్కెమేలే, నాలుగు రోజుల్లో ఊడిపోతుంది అంది.
నాలుగు రోజుల్లో ఎంతదూరం పోతుందో
నేను లోపల్లోపల కొలుస్తున్నాను.

తిరిగొస్తుంటే దారంతా
ఆమె జేబులో అదే చప్పుడు.
కంచె దాటాక గానీ తట్టలేదు
ఇష్బెల్ ఇంటికి తాళమే లేదని.